ప్రస్తారము – గణితము – మన కళాశాల

మన విద్యార్థి 'ప్రస్తారము' అను మాటను రెండు చోట్ల వినుచున్నాడు. ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు గురులఘువులను అమర్చి చూపునపుడు మొదటిసారి, ఇంటర్మీడియట్ గణితములో 'ప్రస్తారాలు – సంయోగాలు' అను అధ్యాయము వచ్చినపుడు రెండవసారి. మాట ఒకటే గదా, ఈ రెండింటికి గల బంధుత్వమేమి అని అడిగిన విద్యార్థిని మేమింతవరకు చూడలేదు. తప్పు వారిది కాదు. తెలుగు చెప్పువారు గణితము ఊసెత్తరు. గణితము చెప్పువారు పరీక్షలో రాని దానిని ముట్టరు. చాలకాలము మేమును అట్లే చేసితిమి.

ఈ మాట ఇప్పుడు చెప్పుటకు కారణమున్నది. ఈ ఏడు మన కళాశాలలో గణిత విభాగమున చేరినవారి సంఖ్య వేళ్ళపై లెక్కింపదగినది. ఆ విభాగమును ఎత్తివేసి, ఆ గదిని కంప్యూటర్ తరగతులకిచ్చిన మేలని కళాశాల సంఘములోని పెద్దలు కొందరు భావించుచున్నారు. వారి భావన దురుద్దేశముతో పుట్టినది కాదని మేమెరుగుదుము. దౌల్తాబాద్ పరిసర గ్రామములనుండి బస్సెక్కి వచ్చు పిల్లలకు త్వరగా జీవనోపాధి దొరకవలెనన్నదే వారి తపన. అయినను ఆ నిర్ణయము పొరపాటగునని మా అభిప్రాయము. ఎందులకో చెప్పెదము.

'యమాతారాజభానసలగం' అను సూత్రము తెలియని తెలుగు విద్యార్థి లేడు. ఇందులో పది అక్షరములున్నవి. మొదటి మూడు అక్షరములు తీసికొన్న లఘువు, గురువు, గురువు, అది యగణము. ఒక అక్షరము విడిచి తరువాతి మూడు తీసికొన్న మగణము. అట్లే జరుగుచు పోయిన ఎనిమిది గణములును ఒక్కొక్కసారి మాత్రమే వచ్చును. ఒకటి తప్పిపోదు, ఒకటి మరల రాదు. మరియొక విశేషము చూడుడు. చివరి రెండక్షరములైన 'లగం' లఘువు, గురువు. మొదటి రెండక్షరములైన 'యమా' కూడ లఘువు, గురువే. కావున చివరి రెండింటిని తొలగించి, మిగిలిన ఎనిమిదింటిని గాజువలె వలయముగా చుట్టవచ్చును. ఆ వలయములో ఎక్కడ మొదలిడినను ఎనిమిది గణములు దొరకును.

ఇట్టి వలయములను నేటి గణితజ్ఞులు డి బ్రాయిన్ వలయములని పిలుచుచున్నారు. హాలండు దేశీయుడైన డి బ్రాయిన్ 1946లో వీనిపై వ్రాసెను. వీని లెక్కను 1894లోనే ఫ్రాన్సులో సాంత్-మరీ తేల్చియుండెను. మూడేసి అక్షరములకు ఇట్టి వలయములు 2 మాత్రమే. నాలుగేసి అక్షరములకు 16. ఐదేసి అక్షరములకు 2048. అసలు ఇట్టి వలయము ఉండితీరునని ఎట్లు చెప్పగలము? ఇక్కడనే గ్రాఫు సిద్ధాంతము అక్కరకు వచ్చును. గ్రాఫు అనగా కొన్ని బిందువులు, వానిని కలుపు కొన్ని గీతలు. అంతకుమించి ఏమియు లేదు. లల, లగ, గల, గగ అని నాలుగు కూడళ్ళు గీయుడు. ఒక్కొక్క గణమును ఒక్కొక్క బాటగా భావింపుడు. యగణము 'లగ' కూడలినుండి 'గగ' కూడలికి పోవు బాట. ఈ తీరున ఎనిమిది బాటలగును. ప్రతి కూడలికి వచ్చు బాటలు రెండు, పోవు బాటలు రెండు. వచ్చినవానికి పోవుటకు ఎల్లప్పుడును దారి ఉండును గనుక, ప్రతి బాటను ఒక్కసారి మాత్రమే తొక్కి బయలుదేరిన చోటికి తిరిగి చేరవచ్చును. కోనిగ్స్ బర్గ్ పట్టణపు ఏడు వంతెనలను గూర్చి 1736లో యూలర్ చేసిన ఆలోచన ఇదియే. అక్కడ లెక్క కుదరలేదు. మన ఛందస్సులో కుదిరినది.

ఉర్దూ విభాగపు సోదరులు ఇది తమకు సంబంధింపని ముచ్చట అనుకొనరాదు. వారు చదువు 'అరూజ్' శాస్త్రమునకు మూలపురుషుడు బస్రా నగరవాసియైన ఖలీల్ ఇబ్న్ అహ్మద్. ఎనిమిదవ శతాబ్దమునాటి ఆ మహనీయుడు అరబ్బీ ఛందస్సులోని పదునైదు 'బహర్'లను ఐదు వలయములలో కూర్చెను. వానినే దాయెరాలందురు. ఒకే దాయెరాను ఒకచోట మొదలిడి చదివిన ఒక బహర్, మరియొకచోట మొదలిడిన ఇంకొక బహర్. అంతటితో ఆగక, అరబ్బీ అక్షరములను ఎన్ని విధముల తారుమారు చేసి కూర్చవచ్చునో లెక్కించి, ఆ కూర్పులలో వాడుకనున్న మాటలేవి, లేనివేవి అని విభజించి నిఘంటువునకు పునాది వేసెను. మన కళాశాలలో ఒకే వరండాకు ఈ కొసన తెలుగు, ఆ కొసన ఉర్దూ చెప్పుచున్నాము. ఈ రెండు తరగతులకు నడుమనున్నది గణితపు గది. దానినే మూయుదమనుకొనుచున్నాము.

ఇక విశ్వవిద్యాలయములలో ఈ శాస్త్రమును బోధించి, పెంచినవారిని గూర్చి చెప్పవలెను. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, లోకమునకు సి. ఆర్. రావుగా తెలిసినవారు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, పని వెదకికొనుచు కలకత్తా పోయి, 1941లో అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్ స్టిట్యూట్ లో చేరినారు. కలకత్తా విశ్వవిద్యాలయములో పాఠము చెప్పుచుండగా, దండేకర్ అను విద్యార్థి లేచి, పెద్ద నమూనాలకు మీరు చెప్పిన ఫలితము చిన్న నమూనాలకు కూడ నిలుచునా అని ప్రశ్నించెను. రావుగారు ఆ రాత్రి కూర్చుండి సమాధానము సాధించినారు. 1945లో అచ్చయిన ఆ ఫలితమే నేడు క్రామర్-రావు అసమానతగా ప్రపంచమంతట పేరొందినది. తరగతిలో ఒక విద్యార్థి నోరు తెరచి అడిగినందున కలిగిన లాభమిది. మన తరగతులలో ప్రశ్న అడిగిన పిల్లవానికి లభించు సమాధానము సాధారణముగా 'సిలబసులో లేదు' అనునదే.

అదే రావుగారు 1947లో వెలువరించిన వ్యాసములో లంబ వ్యూహములను నిర్మించు విధము చూపినారు. పేరు గంభీరమే గాని, సంగతి మన రైతుకు తెలియజెప్పదగినది. మక్క విత్తనము రెండు రకములు, ఎరువు రెండు రకములు, నీరు పెట్టు పద్ధతులు రెండు ఉన్నవనుకొనుడు. అన్ని కూర్పులు పరీక్షించుటకు ఎనిమిది మళ్ళు కావలెను. కాని నేర్పుగా ఎన్నుకొన్న నాలుగు మళ్ళు చాలును. ఆ నాలుగింటిలో ఏ రెండు విషయములను తీసికొన్నను, వాని నాలుగు జతలును ఒక్కొక్కసారి వచ్చునట్లు చూచుకొనవలెను. ఒకదాని ప్రభావము మరియొకదానిపై ఎక్కువగా లేనిచో, సగము భూమితోనే ఏది మేలో తేలును. ఈ కూర్పులను జపానులో టాగుచి కర్మాగారములకు అన్వయించెను. రావుగారు 2023లో, తమ 102వ ఏట కన్నుమూసినారు. వారి పేరిట హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణములో గణిత, గణాంక, కంప్యూటర్ శాస్త్రముల సంస్థ ఒకటి నెలకొన్నది. గణితమును, కంప్యూటరును విడదీయరాదని ఆ సంస్థ పేరే చెప్పుచున్నది.

ఆ సంస్థకు తొలి సంచాలకులు సిద్దాని భాస్కరరావు గారు. వీరు గ్రాఫు సిద్ధాంతమున పరిశోధకులు. అంతకు పూర్వము కలకత్తా సంస్థకు కూడ సంచాలకులుగా నుండినారు. వీరి పేరు మన విద్యార్థులలో ఒక్కరికైన తెలియకపోవుట మాకు చింత కలిగించుచున్నది. వీరు పాటుపడిన విషయమును తెలిసికొనుటకు దసరానాడు, ఈద్ నాడు మన ఊరిలో జరుగు అలాయ్ బలాయ్ చాలును.

పండుగనాడు ఎవరెవరు ఎంతమందిని ఆలింగనము చేసికొన్నారో లెక్క వ్రాయుదము. ఒక ఆలింగనము ఇద్దరి లెక్కలోను చేరును గనుక అందరి లెక్కల మొత్తము సరిసంఖ్య కాక తప్పదు. కావున ఐదుగురు మిత్రులు 'మేము మాలో ఒక్కొక్కరము ముగ్గురిని కౌగిలించుకొంటిమి' అన్న నమ్మరాదు. మొత్తము 15 అగును, అది బేసి. మరి మొత్తము సరిసంఖ్య అయిన నమ్మవచ్చునా? ఆరుగురు తమలో తాము కలిసికొని 5, 4, 3, 2, 1, 1 అని చెప్పినారనుకొనుడు. మొత్తము 16. అయినను ఇది అబద్ధమే. ఐదుగురిని కలిసినవాడు అందరిని కలిసెను. ఒక్కరినే కలిసిన ఇద్దరును వానినే కలిసియుందురు. ఇక నలుగురిని కలిసితినన్నవానికి మిగిలినది ముగ్గురే. ఏ సంఖ్యల వరుస నిజము కాగలదు, ఏది కాజాలదు అని తేల్చు సులభమార్గమును 1955లో హావెల్ అను చెకొస్లోవేకియా గణితజ్ఞుడు, 1962లో ఇరానులో పుట్టి అమెరికాలో పనిచేసిన హకీమీ వేరువేరుగా కనుగొన్నారు. హకీమీ అను పేరు మన ఉర్దూ విద్యార్థులకు కొత్త కాదు. కాని గణితపుస్తకములో ఆ పేరు కనబడునని వారికెవ్వరును చెప్పలేదు.

భాస్కరరావుగారి పరిశోధనలో ముఖ్యభాగము ఈ సంఖ్యల వరుసలపైననే సాగినది. 1980 ఫిబ్రవరిలో కలకత్తాలో జరిగిన సంయోగ గణిత, గ్రాఫు సిద్ధాంత సదస్సు వ్యాసములకు వారే సంపాదకులు. అందులోని తమ వ్యాసములో వారొక ఊహను లోకము ముందుంచినారు. అట్టి వరుసలను అంతులేకుండ ఎన్నింటిని పోగుచేసినను, వానిలో ఏవో రెండు వరుసలు ఒకదానిలో ఒకటి ఒదుగునవి ఉండితీరునన్నదే ఆ ఊహ. ఒదుగుట అనగా, పెద్ద వరుసకు సరిపడు బొమ్మ ఒకదానిని గీసి, అందులో కొందరినే ఏరి వారి నడుమ గీతలను మాత్రమే చూచిన, చిన్న వరుసకు సరిపడు బొమ్మ కనబడుట. వినుటకు చిన్న మాట. కాని దీనిని నిరూపించుటకు మూడు దశాబ్దములకు పైగా పట్టినది. మరియా చుడ్నోవ్ స్కీ అను మహిళ, పాల్ సైమోర్ కలిసి చేసిన నిరూపణము 2014లో అచ్చయినది. వారు తమ వ్యాసమునకు పెట్టిన పేరులోనే 'రావు' ఉన్నది. మన విద్యార్థినులు ఆ మొదటి పేరును కూడ గుర్తుంచుకొనవలెనని మా కోరిక.

ఈ పనికి ఏ ప్రయోగశాల కావలసివచ్చినది? రసాయనశాలకు గాజుసామాను లేదని, భౌతికశాలకు పరికరములు చాలవని మనము ఏటేట విన్నపములు వ్రాయుచున్నాము. గ్రాఫు సిద్ధాంతమునకు ఒక నల్లబల్ల, కొంత సుద్ద, తీరిక గల ఒక అధ్యాపకుడు కావలెను. పేద కళాశాల ధనిక కళాశాలతో సమముగా నిలువగల విద్యలు కొన్నియే. అందులో ఇది ఒకటి.

కంప్యూటరు వద్దని మేమనుట లేదు. కాని ఫోనులో దగ్గరి దారి చూపునది గ్రాఫు లెక్కయే. ఒకే విద్యార్థికి రెండు పరీక్షలు ఒకే పూట పడకుండ పట్టిక వేయునది గ్రాఫు లెక్కయే. లెక్క తీసివేసి యంత్రమును మాత్రము నేర్పిన మన పిల్లలు మీటలు నొక్కువారగుదురు గాని, దానికి పని చెప్పువారు కాజాలరు. గణితము చదివిన ప్రతివారికి ఉద్యోగము వచ్చునని హామీ ఇచ్చుటకు మాకును ధైర్యము లేదు. ఆ మాటకు వచ్చిన కంప్యూటర్ విభాగము కూడ అట్టి హామీ ఇయ్యజాలదు.

భాష మాటయు చెప్పవలెను. పైచదువుల గణితము ఇంగ్లీషులో తప్ప రాదని కొందరి నమ్మకము. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతోనే మొదలైనది. అంతకు ముందేడు ఏర్పడిన దారుల్ తర్జుమా గణితాది శాస్త్రములకు ఉర్దూ పదములను సమకూర్చినది. ఆ ప్రయత్నము చివరకు నిలువలేదు, నిజమే. అయినను అడుగు వేసినది ఈ నేలమీదనే. పరిశోధన ఇంగ్లీషులో చదువవలసివచ్చినను, మొదటి ఆలోచన తల్లిభాషలోనే మొలకెత్తును.

కావున సంఘమునకు మా మనవి ఇది: గణిత విభాగమును మరి రెండేండ్లు నిలుపుడు. వారమునకొక గంట, సిలబసుతో నిమిత్తము లేకుండ, తెలుగు, ఉర్దూ విభాగములవారు కూడ వచ్చి కూర్చుండునట్లు ఆ గదిని తెరచి ఉంచుడు. ఆ గంటకు వేరు జీతము మేమడుగము. రెండేండ్లలో గది నిండనిచో, తాళము మేమే తెచ్చి ఇత్తుము.

విద్యార్థులకు వేరే మనవి లేదు, ఒక లెక్క ఉన్నది. మూడేసి అక్షరముల ఎనిమిది గణములకు వలయమును పూర్వులు మనకిచ్చినారు. నాలుగేసి అక్షరముల గురులఘు రూపములు పదహారు. ఆ పదహారును ఒక్కొక్కసారి వచ్చునట్లు పదహారు అక్షరముల వలయమును కూర్చి, వేసవి సెలవులు ముగియులోగా మాకు చూపుడు. అట్టివి 16 ఉన్నవని పైన చెప్పియున్నాము. ఇద్దరు ఒకే వలయమును తెచ్చిన, ఎవరు ఎవరిది చూచి వ్రాసినారని మేమడుగము.