వరి గుళికల వెనుక సముద్రపు పురుగు

బాన్సువాడ పక్కన నస్రుల్లాబాద్‌లో వరి వేసే రైతుకు సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా మొగి పురుగు పడితే ఎకరాకు 8 కిలోల చొప్పున చల్లే కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 4జి గుళికల పుట్టుక సముద్రపు అడుగునే ఉంది. జపాన్‌లో గాలానికి ఎరగా గుచ్చే ఒక సముద్రపు పురుగు చచ్చాక, దాని మీద వాలిన ఈగలు కూడా చచ్చిపోయేవి. అందులోని విషాన్ని నిట్టా అనే శాస్త్రవేత్త 1934లో వేరుచేశారు. 1962లో దాని నిర్మాణం తేలింది, 1967లో దాన్ని అనుసరించి చేసిన కార్టాప్ అమ్మకానికి వచ్చింది. మొగి పురుగు ఒంట్లో చేరాక కార్టాప్ ఆ పాత విషంగానే మారి నరాలను పట్టేస్తుంది. పురుగు కదలలేక, తినలేక చస్తుంది.

రాత్రిపూట టార్చి వెలుగులో డైవర్లను హడలెత్తించే ముళ్ల పురుగులు ఆ ఎర పురుగుకు చుట్టాలే. మన వానపామూ ఆ వంశానిదే. దాని ఒంటిని తోక నుంచి తలవైపు వేలితో నిమిరితే గరుగ్గా తగిలేవి అలాంటి సన్నటి ముళ్లే. సముద్రపు ముళ్ల పురుగుల్లో అవి తెల్లటి కుచ్చులుగా ఉంటాయి, కొన్ని జాతుల్లో తాకగానే చర్మంలో విరిగి మంట పుట్టిస్తాయి. బాబిట్ పురుగైతే ఇసుకలో దాక్కుని, రాత్రి చేపను ఒక్క దెబ్బకు లోపలికి లాగేస్తుంది. 3 మీటర్ల వరకు పెరిగే జీవి ఉన్నచోట పగలు చూస్తే కనిపించేది ఖాళీ ఇసుకే! అందుకే తీరంలో ఏ పెద్ద నిర్మాణానికి అనుమతి ఇవ్వాలన్నా, ముందు అడుగు బురదలోని పురుగులను జాతులవారీగా నమోదు చేయాలంటాను.

కుట్టే పురుగుకు ఇంత గౌరవమా అనవచ్చు. ముల్లు దాని ఆత్మరక్షణ, తాకని మనిషి జోలికి అది రాదు. చచ్చిన చేపలను తినేసి, బురదను కలియదిప్పేదీ ఈ జాతులే. మందు ఇప్పుడు ఫ్యాక్టరీలో తయారవుతోంది, పురుగుతో పనేమిటన్నది ఇంకాస్త బరువైన ప్రశ్న. కానీ 1934కు ముందు ఆ పురుగు ఉత్త ఎరే, దానిలో మందుకు దారి ఉందని ఎవరూ ఊహించలేదు. కార్టాప్ విషమే, జాగ్రత్తగా వాడాల్సిందే. దాన్ని మించిన మేలైన మందు కావాలన్నా వెతకడానికి జీవులు మిగలాలి కదా. ఇక రామాయపట్నం, మూలపేట, మచిలీపట్నం ఓడరేవులు ఉపాధి తెస్తాయి, వాటిని ఆపమనడం లేదు. డ్రెడ్జర్ మొదట తోడేది ఈ బురదనే కాబట్టి, అంతకుముందే నమూనాలు తీసి, గుర్తుపట్టగల నిపుణులకు జీతమిచ్చి, జాబితాను తెలుగులో అందరికీ తెరిచి ఉంచాలి.