నిర్వాసితులయెడ మన విధి

మల్లన్నసాగరము 2022 ఫిబ్రవరి 23 వ తేదీన ప్రారంభింపబడెను. 50 టి.ఎం.సి.ల నీరు నిలువగల యీ జలాశయము మన జిల్లాకు గర్వకారణమనుట నిజమే. కాని ఆ నీటి యడుగున తొగుట, కొండపాక మండలములకు జెందిన వేములఘాటు, పల్లెపహాడు, ఏటిగడ్డ కిష్టాపురము, లక్ష్మాపురము, రాంపురము, బ్రాహ్మణ బంజేరుపల్లి, ఎఱ్ఱవల్లి, సింగారము అను నెనిమిది గ్రామములు గలవు. సిద్దిపేట వర్తకుడు గాని వకీలు గాని యీ పేర్లను మఱచుట న్యాయము గాదు.

ఈ గ్రామస్థులు సంతోషముతో కదలినవారు కారు. 2016 లో వేములఘాటున మొదలైన రిలే నిరాహారదీక్షలు రెండేండ్లకు పైగా సాగినవి. తుదకు 2021 లో ఊళ్లు ఖాళీయయ్యెను. అనేక కుటుంబములు గజ్వేలు చెంత ముట్రాజుపల్లి, సంగాపురముల కడ వెలసిన కాలనీకి చేరినవి.

"పరిహారము ముట్టినది గదా, ఇంకేమి కావలె?" నని కొందఱు ప్రశ్నించుచున్నారు. తమకు పూర్తిగా ముట్టలేదని మొఱపెట్టుకొనిన వారనేకులు గలరు. ముట్టినవారి మాటయే తీసికొందము. సాగర నిర్మాణముతో చుట్టుపట్ల భూముల ధరలు పెరిగినవి. పోయిన ఎకరమునకు వచ్చిన సొమ్ముతో మఱియొక ఎకరము కొనుట దుర్లభమాయెను. సేద్యము తప్ప వేఱు పని యెఱుగని రైతు వరుస యిండ్ల నడుమ చేతులు ముడుచుకొని కూర్చుండవలసి వచ్చెను. గొఱ్ఱెల కాపరికి బీడు లేదు.

2013 నాటి భూసేకరణ చట్టము భూస్వామిని మాత్రమే గుర్తింపలేదు. మూడేండ్లుగా ఆ భూమిపై బ్రదికిన కౌలుదారును, కూలివానిని, చేతిపనివానిని గూడ నిర్వాసితునిగానే యెంచినది. వయస్సు వచ్చిన ప్రతి స్త్రీపురుషుని వేఱు కుటుంబముగా లెక్కించినది. పునరావాస స్థలమున త్రాగునీరు, బడి, చౌకడిపో, పశువుల మేత బీడు, శ్మశానము ఉండవలెనని విధించినది. ఈ చట్టము తుది యక్షరము వఱకు అమలు జరుగవలెనని మేము కోరుచున్నాము. అధికారులు దీనిని దయగా గాక బాకీగా భావింపవలెను.

అయితే సర్కారు ఇల్లు కట్టగలదు గాని ఇరుగుపొరుగును కట్టజాలదు. ఆ పని పట్టణ ప్రజలది. గజ్వేలు, సిద్దిపేట వర్తకులు తమ దుకాణములలో, మిల్లులలో ఈ యువకులకు పని యీయవలెను. వకీళ్లు వారి కాగితములు ఉచితముగా చూచిపెట్టవలెను. తమ చెరువును పోగొట్టుకొనిన ఆడపడుచులను బతుకమ్మనాడు మన చెరువు గట్టునకు పిలువవలసినది మన యాడపడుచులే.

1947-48 లో రజాకార్ల దౌర్జన్యములకు తాళజాలక తెలంగాణ కుటుంబములెన్నో సరిహద్దులు దాటి బెజవాడ మొదలగు తావుల తలదాచుకొనినవి. నాడు తెఱవబడిన తలుపులను తలచుకొనినచో నేడు మనమేమి చేయవలెనో వేఱుగ చెప్పనక్కఱ లేదు. పైగా నేటివారు మనకు పరాయివారు గారు. మన పొలములకు నీరు రావలెనని తమ పొలములను విడిచినవారు. ఈ యేడు కాలువ నీటితో పంట నింటికి చేర్చు ప్రతి రైతును, ఆ పంటను కొను ప్రతి పట్టణవాసియు వారికి ఋణపడి యున్నాడు. ఆ ఋణమును తీర్చుటకు పట్టణములు వెంటనే పూనుకొనుగాక!