చిలికితే చిక్కబడుతుందా?

సంపాదకులకు,

సహజ రంగులపై మీరు వేసిన వ్యాసంలో రంగు కరిగిన నూనె బిందువులను ఎంత చిన్నవి చేస్తే రంగు అంత చిక్కబడుతుందని రాశారు. అది సగమే నిజం. కారం వేసిన పోపు నూనె ఎర్రగా తేలుతుంటే, దాన్ని పెరుగులో వేసి కవ్వంతో చిలికి చూడండి. ఉన్న రంగు ఎక్కడికీ పోదు, అయినా పెరుగు లేత నారింజకు తిరుగుతుంది. మైక్రాను, అంతకు కాస్త తక్కువ సైజు బిందువులు వెలుగును నలువైపులా చెదరగొట్టి తెలుపు కలుపుతాయి. 0.1 మైక్రానుకన్నా దిగితేనే ఆ తెలుపు తగ్గుతుంది.

అసలు సంగతి వ్యాసంలో రానేలేదు. సహజ రంగుల్లో ఒకటైన బీటా కెరొటిన్ మామూలు వేడిలో నూనెలో కరిగేది బహు కొద్ది. స్ఫటికాలుగా మిగిలింది తూకానికి వస్తుంది గానీ రంగుకు పూర్తిగా అక్కరకు రాదు. అందుకే నూనెను బాగా కాచి, కరిగించి, వెంటనే నీళ్లలో చిలికి చల్లారుస్తారు.

పైగా బిందువులు చిన్నవైనకొద్దీ నూనె ఉపరితలం పెరుగుతుంది, ఆక్సిజన్ త్వరగా పట్టుకుంటుంది, రంగు వెలిసిపోతుంది. విటమిన్ ఇ లాంటిది తోడుండాలి. పసుపులోని కర్క్యుమిన్‌కైతే వెలుగే శత్రువు. పసుపు మరక పడ్డ చీరను ఎండలో ఆరేసే ఇల్లాలికి ఇది చెప్పక్కర్లేదు. ఆ రంగు వేసి, వెలుగు తగిలే గాజు సీసాలో అమ్మే పానీయం సంగతి వ్యాసకర్త ఆలోచించారో లేదో!

ఆయన చెప్పిన రంగు బలం తయారైన రోజు కొలిచిందా, నెల నిల్వ ఉంచాక కొలిచిందా? ఆ ఒక్క ముక్క చెబితే బాగుండేది.

— ఒక పాఠకురాలు, తెనాలి