పురుగుల మందు, పేదల అప్పు

ప్రకృతి రక్షణము కడుపు నిండినవారి కాలక్షేపమనియు, బీదలకు అన్నము దొరకిన పిదప నేలనీళ్ల మాట విచారింపవచ్చుననియు చెప్పువారు మన విద్యావంతులలోనే పెక్కురు గలరు. 1972లో స్టాక్‌హోము సభయందు ఇందిరాగాంధీగారు దారిద్ర్యమే పెద్ద కాలుష్యకారణము కాదా యని యడిగిన మాటను వీరు ప్రమాణముగ చూపుచుందురు. అందు సత్యము లేకపోలేదు. కాని కాలుష్యమే దారిద్ర్యమును పెంచు విధము నెరుగుటకు ఓరుగల్లు ప్రత్తిచేలను చూచిన చాలును.

1997-98లో నాటి వరంగల్ జిల్లా ప్రత్తిపై పొగాకు లద్దెపురుగు విరుచుకొనిపడెను. పైరు పోయెను, అప్పు నిలిచెను, పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. వారిలో అనేకులు త్రాగినది పురుగును చంపలేకపోయిన ఆ మందునే. దీనిని విధివిలాసమని కొందరనిరి, మే మట్లనజాలము. విత్తనమును మందును అరువిచ్చువాడును, పండిన ప్రత్తిని కొనువాడును పెక్కుచోట్ల ఒక్కడే. ఏ పురుగునకు ఏ మందో చెప్పు వైద్యుడును ఆతడే! మందు కొట్టినకొలది పురుగు దానికి అలవాటుపడును. పురుగును తిను సాలీళ్లును అక్షింతల పురుగులును ముందుగ చచ్చును. అందుచే మరింత మందు, దానికై మరింత అప్పు. నేల జబ్బును రైతు జబ్బును ఒక్కటే యైనప్పుడు, ఒకటి ముందు కుదుర్చి రెండవది వెనుక చూతమనుట యెట్టి వైద్యము?

ఆ పాత జిల్లాలోనిదే, నేటి జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలములో ఏనబావి యను పల్లె గలదు. సుమారు 50 కుటుంబములు. వీరు మొదట పురుగుమందులను, పిదప రసాయనపు ఎరువులను క్రమముగ విడిచి, 2006లో తమ యూరు రసాయనరహితమని ప్రకటించిరి. వారి సాధనములు వేసవి దుక్కి, ఆముదపు ఎరపంట, వేపగింజల కషాయము, పచ్చిమిరప వెల్లుల్లి ద్రావణము, పేడ, చెరువుమట్టి. వీనిలో అంగడి నుండి అరువు తేవలసినది బహుస్వల్పము. దిగుబడి మాట యటుంచి, అప్పు చేయకుండుటయే బీదరైతునకు మొదటి రాబడి కాదా?

ఒక్క యాజ్ఞతో దేశమంతయు మార్పుడని మేము చెప్పుట లేదు. 2021లో శ్రీలంక ప్రభుత్వము రసాయనపు ఎరువుల దిగుమతిని హఠాత్తుగ నిషేధించి, పంటలు దెబ్బతినగా ఆ యేడే వెనుకకు తగ్గెను. ఏనబావి యేండ్ల తరబడి నేర్చికొన్నది. కొలంబో నెలలలో చేయబూనినది. మరియొక మాట. గింజలేరుట, దంచుట, కాచుట యను చాకిరి తరచు స్త్రీల పాలబడును. దానికి కూలి కట్టని లెక్క తప్పులెక్క. ఎరువుల బస్తాలకు ఏటేట వేలకోట్లు రాయితీ నిచ్చు ప్రభుత్వము వేపగింజలు దంచు చేతులకు అందులో నూరవవంతైన నీయరాదా?

మన వంటయిండ్లును నిర్దోషములు కావు. వంకాయపై చిన్న పుచ్చు కనబడిన బండివానితో తగవాడుదుము. మచ్చలేని కాయకు ఎన్నిమారులు మందు కొట్టిరని యడుగము.

కౌలురైతు సంగతి అన్నిటికంటె కష్టము. 2018లో ఆరంభమైన రైతుబంధు పట్టాదారునకు అందెను గాని దున్నువానికి అందలేదు. వచ్చు ఏడు తనది కానేరని పొలమునకు చెరువుమట్టి తోలించుమని వానికి ఏ మొగముతో చెప్పగలము? వ్రాతమూలకమైన కౌలు, కనీసము అయిదేండ్ల గడువు, బ్యాంకులో అప్పు పుట్టు హక్కు వానికి ముందు దొరకవలెను. అవి లేనంతకాలము వాడు మందుల దుకాణము మెట్లే యెక్కును.