పాఠ్యపథకంలో మీకొక గడి

విద్యార్థులారా! రేపు మీకు చెప్పబోయే సైన్సు పాఠం ఇవాళ ఎక్కడ తయారవుతున్నదో ఎప్పుడైనా ఆలోచించారా? తరగతిలో మీకు కనిపించేది ముప్పావు గంట పాఠమే. దాని వెనుక పాఠ్యపథకం అనే కాగితం ఒకటి ఉంటుంది. ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలి, ఏ ప్రయోగం చూపాలి, నల్లబల్ల మీద ఏ బొమ్మ గీయాలి, మీకు అర్థమైందో లేదో ఎలా తెలుసుకోవాలి అన్నవి ఉపాధ్యాయులు అందులో ముందుగానే రాసుకుంటారు. మేము బి.ఇడి. చదివే రోజుల్లో ఒక్కొక్క పథకం రాయడానికి రాత్రి చాలాసేపు కూర్చునేవాళ్ళం. గీతలు స్కేలుతో కొట్టలేదని తిట్లు తినడం అదనం!

ఇప్పుడు ఆ కాగితాన్ని రాసిపెట్టే యంత్రాలు వచ్చాయి. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైనది మొదలు, కృత్రిమ మేధతో పనిచేసే ఇటువంటి సాధనాలు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి. "8వ తరగతికి దహనం మీద 45 నిమిషాల పాఠ్యపథకం కావాలి" అని సెల్‌ఫోనులో అడిగితే, మీరు హాజరు పలికేలోగా నాలుగు పేజీలు సిద్ధం. మన పొరుగున కర్ణాటకలో 2023లో మైక్రోసాఫ్ట్ వారి పరిశోధన విభాగం, శిక్షణ ఫౌండేషన్ అనే సంస్థ కలిసి 'శిక్షా కోపైలట్' అనే సాధనాన్ని ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయుల చేత వాడించి చూశాయి. ఆ రాష్ట్రపు పాఠ్యపుస్తకాన్ని ఆధారంగా తీసుకొని పాఠ్యపథకం తయారుచేసి ఇవ్వడం దాని పని.

"మేము చూసి రాస్తే తిడతారు. మీరు మాత్రం యంత్రం చేత రాయించుకోవచ్చా సార్?" అని మా 9వ తరగతి అబ్బాయి ఒకడు నన్ను అడగనే అడిగాడు. న్యాయమైన ప్రశ్న. జవాబు చెప్పే ముందు ఆ యంత్రం ఏమి చేస్తున్నదో చూడాలి.

"నీరు వంద డిగ్రీల సెల్సియస్ వద్ద..." అని నేను ఆగితే, "మరుగుతుంది" అని మీరంతా ఒక్క గొంతుతో అంటారు. మరిగే నీళ్ళలో ఉష్ణమాపకం పెట్టి చూసినవారు మీలో ఎందరు? ఆ వాక్యాన్ని చాలాసార్లు విన్నారు గనుక తరువాతి మాట నోటికి వచ్చింది. యంత్రం చేసేది కూడా దాదాపు ఇటువంటిదే, కాకపోతే చాలా పెద్ద ఎత్తున. కోట్లాది పేజీల రాతను దానికి చూపించి, ఏ మాటల తరువాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్క కట్టడం నేర్పారు. ఆ లెక్కతో ఒక్కొక్క ముక్కా పేర్చుకుంటూ జవాబు రాస్తుంది. అది ఎన్నడూ కొవ్వొత్తి వెలిగించలేదు, చెయ్యి కాల్చుకోలేదు. అందువల్ల అచ్చులో పదేపదే వచ్చిన మాట తప్పయినా సరే, దానినే తిరిగి చెప్పే ప్రమాదం ఉన్నది.

దహనం పాఠానికి ఒక సాధనాన్ని నేనే పథకం అడిగాను. మీకందరికీ తెలిసిన ప్రయోగమే వచ్చింది. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, దాని మీద గాజుగ్లాసు బోర్లించాలి. కాసేపటికి కొవ్వొత్తి ఆరిపోతుంది, గ్లాసులోకి నీళ్ళు ఎక్కుతాయి. ఇంతవరకు బాగానే ఉన్నది. కారణం దగ్గర మాత్రం, గాలిలో సుమారు అయిదో వంతు ఆక్సిజన్, అది మండి ఖర్చయిపోయింది కాబట్టి నీళ్ళు అయిదో వంతు ఎక్కాయి అని రాసింది. ఈ వివరణ ఏళ్ళ తరబడి ఎన్నో పుస్తకాలలో అచ్చవుతూ వచ్చినదే. నేను కావాలనే ఒక్క అక్షరం మార్చకుండా దానిని తరగతిలో చదివి వినిపించాను. వెనుక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "ఆక్సిజన్ పోతే దాని బదులు కార్బన్ డై ఆక్సైడ్ వస్తుంది కదా సార్, మరి ఖాళీ ఎక్కడిది?" అన్నది.

చూశారా! మైనం మండేటప్పుడు మూడు పాళ్ళ ఆక్సిజన్ ఖర్చయితే సుమారు రెండు పాళ్ళ కార్బన్ డై ఆక్సైడ్ పుడుతుంది. నీటి ఆవిరి కూడా పుడుతుంది గాని, అది చల్లారి నీరవుతుంది. పైగా గ్లాసులోని ఆక్సిజన్ అంతా అయిపోకముందే మంట ఆరిపోతుంది. కాబట్టి అయిదో వంతు లెక్క కుదరదు. అసలు సంగతి వేడిలో ఉన్నది. మంట వేడికి గ్లాసులోని గాలి వ్యాకోచించి, కొంత అంచు కిందుగా బుడగలై బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి సంకోచిస్తుంది. లోపల పీడనం తగ్గుతుంది, బయటి వాతావరణ పీడనం నీళ్ళను లోపలికి తోస్తుంది. ఒక కొవ్వొత్తికి బదులు మూడు పెట్టి చూడండి. గ్లాసు అదే, అందులోని గాలిలో ఆక్సిజన్ వంతూ అంతే, అయినా నీళ్ళు ఇంకా పైకి ఎక్కుతాయి. నీళ్ళు ఎక్కువగా ఎక్కేది మంట ఉన్నప్పుడా, ఆరిన తరువాతా అన్నది కూడా గమనించండి.

యంత్రాన్ని ఎగతాళి చేయడానికి ఇదంతా చెప్పలేదు. మరోవిధంగా అడిగితే అదే సాధనం సరైన కారణం చెప్పవచ్చు. నా బాధ వేరు. మా బి.ఇడి. పాఠ్యపథకంలో పక్కపక్కనే రెండు గడులు ఉండేవి. ఒకటి ఉపాధ్యాయుని కృత్యం, రెండవది విద్యార్థి కృత్యం. ఆ రెండవ గడిని కూడా ముందురోజు రాత్రే మేమే నింపేవాళ్ళం! 'విద్యార్థులు ఆక్సిజన్ అని సమాధానం చెబుతారు' అని రాసుకొని పోతే, తరగతిలో ఒక్కరూ ఆ ముక్క అనేవారు కారు. యంత్రం ఇచ్చే పథకంలోనూ ఆ గడి ఉంటుంది, ముచ్చటగా నిండి ఉంటుంది. విద్యార్థులు ఆసక్తితో గమనిస్తారట, చర్చిస్తారట, సరైన సమాధానం చెబుతారట. ఏ ఊరి విద్యార్థులు? అన్నం తిని వచ్చి, కరెంటు పోయి ఫ్యాను ఆగిన గదిలో కూర్చున్న నా విద్యార్థులేనా? వెనుక బెంచీ అమ్మాయి ఆ గడిలో లేదు. ఆమె మనసులోని ప్రశ్న ఆ నిమిషందాకా నాకే తెలియదు, యంత్రానికి ఎలా తెలుస్తుంది?

యంత్రాల ద్వారా పాఠాలు చెప్పించడం తెలుగువారికి కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సహాయంతో ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారం చేశారు. సైట్ అని పిలిచిన ఆ ప్రయోగంలో నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి. ఉదయం పూట బడిపిల్లలకు ప్రత్యేక కార్యక్రమాలు వచ్చేవి. ఆ రోజులకు అది ఎంతో గొప్ప సంగతి. అయితే తెర మీది మనిషికి పిల్లల మాట వినపడే వీలు లేదు. ఇప్పటి యంత్రం అడిగినదానికి జవాబు చెబుతుంది, నిజమే. కాని పాఠ్యపథకం రాయించేటప్పుడు దానితో మాట్లాడేది ఉపాధ్యాయుడు ఒక్కడే. మీరేమనుకుంటున్నారో ఆయన చెబితేనే దానికి తెలుస్తుంది. ఆయనకు మీరు చెబితేనే తెలుస్తుంది.

ఇక ఆ అబ్బాయికి జవాబు. యంత్రం రాసిన కాగితాన్ని ఉపాధ్యాయుడు తనదిగా చదివేసి వెళ్ళిపోతే అది చూసి రాయడమే, సందేహం లేదు. ఇది యంత్రం ఇచ్చినది అని మీకు చెప్పి, మీ ఎదుట దానిని పరీక్షకు పెడితే కాదు. "ఇది ఎక్కడిది సార్?" అని మీరు అడగవచ్చు. మర్యాదగా అడిగితే ఎవరూ కోప్పడరు. కోప్పడితే ఇంకోరోజు అడగండి.

నేను ఈ సాధనాలను వాడుతున్నాను. అభ్యాసానికి ఇరవై కొత్త లెక్కలు కావాలన్నా, పాఠానికి మరొక ఉదాహరణ కావాలన్నా బాగా పనికివస్తాయి. మీ పేర్లు, మార్కులు మాత్రం వాటికి ఇవ్వకూడదు. తెలుగులో వచ్చినదానిని రెండుసార్లు చదవాలి. ఒకసారి 'సామర్థ్యం' అని ఉండవలసిన చోట 'శక్తి' అని వచ్చింది. వాట్‌కూ జౌల్‌కూ తేడా పోతే ఇక భౌతికశాస్త్రం ఎందుకు? ప్రయోగాన్ని ముందురోజు సాయంత్రం ఉపాధ్యాయుడు తన చేత్తో చేసి చూసుకోవాలి. యంత్రం మిగిల్చిన గంట ఆ పనికే పోవాలి. ఆ గంటను మరో నివేదిక నింపడానికి లాక్కుంటే మీకు ఒరిగేదేమీ లేదు. మా పైఅధికారులు కూడా ఈ పత్రిక చదివితే బాగుండును!

మా తరగతిలో ఈ మధ్య ఒక పద్ధతి పెట్టాం. పాఠానికి రెండు రోజుల ముందు, ఆ విషయం గురించి ఎవరికి తోచినది వారు చీటీ మీద రాసి డబ్బాలో వేస్తారు. పేరు రాయనక్కరలేదు. తప్పయినా ఫరవాలేదు. దహనం పాఠానికి ముందు వచ్చిన చీటీలలో ఒకటి, "దీపం ఆర్పితే మంట ఎక్కడికి పోతుంది?" ఇంకొకటి, "నీళ్ళలో ఆక్సిజన్ ఉన్నదంటారు, మరి నీళ్ళతో మంట ఎందుకు ఆరుతుంది?" ఈ చీటీలను ముందు పెట్టుకొని, వాటిని యంత్రానికి కూడా చెప్పి పథకం రాయిస్తే, అది మా పిల్లల పాఠానికి కొంత దగ్గరగా వస్తున్నది. మీ తరగతిలోనూ చేసి చూడవచ్చు. వచ్చే పాఠం ఏదో మీ ఉపాధ్యాయుణ్ణి అడిగి తెలుసుకోండి. డబ్బాకు చాక్‌పీసుల ఖాళీ పెట్టె చాలు. మూతకు చీటీ పట్టేంత గాటు పెట్టుకోండి.