కారు మిస్ కొడుతోందా? గాజులు తాకట్టు పెట్టే ముందు...

రెడ్డిగూడెం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం చూడండి. "మామయ్యగారి నాటి పెట్రోలు అంబాసిడర్ ఉందండీ మాకు. అత్తయ్యగారిని నెలనెలా మైలవరం మీదుగా విజయవాడ ఆస్పత్రికి నేనే తీసుకెళ్తాను. వానలు మొదలైనప్పటి నుంచి బండి ఒకటే వణుకు. ఎత్తు ఎక్కలేక గుంజుతుంది, పెట్రోలు తాగేస్తుంది. ఇంజన్ దించి బోరు చేయించాలంటున్నాడు మెకానిక్. గాజులు తాకట్టు పెట్టనా, బండిని పాత ఇనుముకి ఇచ్చేయనా?"

రెండూ వద్దమ్మా, ఒక్క ఆదివారం ఆగండి! వానాకాలంలోనే మొదలైందంటే ముందు అనుమానించాల్సింది నిప్పురవ్వను. బర్నర్ మీద నీళ్ళు పడితే గ్యాస్ లైటర్ ఎన్నిసార్లు నొక్కినా వెలగదు కదా, ఇదీ అంతే.

బ్యాటరీలో ఉండేది 12 వోల్టులే. సి.బి. పాయింట్లు విడివడినప్పుడల్లా కాయిల్ దాన్ని వేల వోల్టులు చేస్తుంది. డిస్ట్రిబ్యూటర్‌లో రోటర్ గిర్రున తిరుగుతూ నాలుగు ప్లగ్గులకూ వంతులవారీగా పంచుతుంది. పంక్తిలో వడ్డన అనుకోండి. ఒక్క విస్తరికే అన్నం రాకపోతే లోపం ఆ వరసలో: ప్లగ్గు, దాని వైరు, మూతలో దాని గూడు. అందరికీ సరిగా అందకపోతే గుండిగ దగ్గరే: కాయిల్, పాయింట్లు, కండెన్సర్, రోటర్.

ముందు జాగ్రత్త

కొంగు బిగించి దోపుకోండి. జడ ముడి వేసుకోండి. గాజులు, ఉంగరాలు, వాచీ తీసేయండి. ఫ్యానుకి ఇవేవీ తెలియవు! గేరు న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్ బ్రేకు వేయండి. ఇంజన్ తిరుగుతుండగా ప్లగ్గు వైర్లు ముట్టుకోవద్దు, షాకు గట్టిగా కొడుతుంది. పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్ళు ఈ పనికి దూరంగా ఉండాలి.

ఏ ప్లగ్గు పనిచేయడం లేదు?

ఇంజన్ ఆపి మొదటి ప్లగ్గు వైరు పీకండి. దాని కొసకు ఒక పాత ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గు ఇనుము ఇంజన్‌కు ఆనేలా కదలకుండా కట్టండి. ఇప్పుడు స్టార్ట్ చేయండి. వణుకు ఇంకా పెరిగితే ఆ గది పనిచేస్తున్నట్టే. ఏ మార్పూ లేకపోతే దొంగ దొరికినట్టే! ఆపి, వైరు తిరిగి పెట్టి, నాలుగూ ఇలాగే చూడండి.

ఇంజన్ చల్లారాక ఆ ప్లగ్గు విప్పండి. కొస లేత గోధుమ రంగులో ఉంటే మంచిదే. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువైనా కావాలి, రవ్వ బలహీనమైనా కావాలి. నూనె తడి ఉంటే ఇంజన్ ఆయిల్ పైకొస్తోందన్నమాట. అప్పుడు మెకానిక్ మాటకూ బలం ఉంది.

ఇక అసలు కిటుకు. ఏదీ కొనకముందే ఆ ప్లగ్గును పక్క గదిలోకి, పక్కదాన్ని ఇందులోకి మార్చండి. జబ్బు పక్కకి వెళ్తే తప్పు ప్లగ్గుది. వెళ్ళకపోతే, అందినంతలో వైర్లు అలాగే మార్చి చూడండి. అప్పుడూ కదలకపోతే మూత విప్పండి. లోపల పెన్సిల్ గీతలా నల్లటి చార గానీ, వెంట్రుకవాసి పగులు గానీ ఉంటే రవ్వ ఆ దారిన జారిపోతోంది. చీకటి పడ్డాక బానెట్ ఎత్తి ఇంజన్ నడిపితే అక్కడ నీలి మెరుపులు కూడా కనబడతాయి. చూడండి, చెయ్యి మాత్రం పెట్టకండి.

ఇవన్నీ బాగుండీ ఒకే గది మొరాయిస్తే కంప్రెషన్ కొలిపించండి. బోరు మాట ఆ తర్వాతే.

మార్చేటప్పుడు

మూత మార్చేటప్పుడు వైర్లన్నీ ఒకేసారి పీకారో, ఇక బండి కదలదు! పాత మూత పక్కన కొత్తది పెట్టుకుని ఒక్కొక్క వైరే మార్చండి. అంబాసిడర్ వరస 1-3-4-2. రోటర్ కొస కాలిపోయి ఉంటే మూతతోపాటే మార్చేయండి. 1489 సి.సి. పాత ఇంజన్‌కు పాయింట్ల ఎడం బాగా విడివడినప్పుడు సుమారు 0.4 మి.మీ., ప్లగ్గు ఎడం 0.6 మి.మీ. పైచిలుకు. ఫిల్లర్ గేజితో చూసుకోవాలి. ప్లగ్గు మొదట చేత్తోనే తిప్పండి. పానాతో మొదలుపెడితే మర పాడవుతుంది.

పాత పద్మినికి కూడా దారి ఇదే, కొలతలు మాత్రం ఆ బండి పుస్తకంలో చూడండి. డీజిల్ బండికి ఈ ప్లగ్గులే ఉండవు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది కాబట్టి విడిభాగాల కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్ళేటప్పుడు పాత భాగం సంచిలో వేసుకెళ్ళండి. పేరు తప్పు చెప్పినా వస్తువు సరైనదే వస్తుంది.

ఈ సంగతులే ఆ సోదరికి ముందుగా రాసి పంపాను. మొన్న జవాబు వచ్చింది. మూడో గది పనిచేయడం లేదట. ప్లగ్గు మార్చినా, వైరు మార్చినా జబ్బు కదల్లేదట. మూత విప్పితే పగులు! మూత, రోటర్ మార్చింది. "వణుకు పోయిందండీ. అత్తయ్యగారు దారి పొడుగునా నిద్రపోయారు. గాజులు నా చేతికే ఉన్నాయి" అని రాసింది. నాకు అంతకంటే ఏం కావాలి?

వచ్చే వారం: రేడియేటర్ నీళ్ళు ఎందుకు తగ్గుతాయి?