పెద్దోళ్ల పాటలన్నీ ఒక్క హార్డ్ డిస్కులో పెట్టి నిద్రపోవద్దు



పోయిన నెల మా ఊరి యువకులకు పెద్ద దెబ్బ తగిలింది. రెండేళ్లు ఊరూరా తిరిగి ప్రధాన్ తాతలు కీక్రి వాయిస్తూ చెప్పిన కథలు, అవ్వల పెళ్లి పాటలు రికార్డు చేసినం. అన్నీ ఒకే హార్డ్ డిస్కులో ఉండె. ఒకరోజు అది టిక్ టిక్ మని చప్పుడు చేసి ఆగిపోయింది. డేటా తీసిచ్చేందుకు అడిగిన డబ్బులు మా దగ్గర లేవు. పాడిన తాతల్లో ఒకాయన ఇప్పుడు లేడు.

1940లలో హైమెండార్ఫ్ తీసిన మన తాతల ఫోటోలు లండన్‌లోని సోయస్‌లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. నిన్న మొన్న మనం రికార్డు చేసుకున్నవి మాత్రం మన దగ్గర మిగలలేదు.

అందుకే నా మాట సూటిగా చెప్తున్నా. "ఏ కంపెనీ డిస్కు మంచిది?" అని అడిగే ముందు "ఎన్ని కాపీలు, ఎక్కడెక్కడ?" అని అడగాలి. వేల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ అనే అమెరికా కంపెనీ 2013 నుంచి పాడైన డిస్కుల లెక్క రాస్తోంది. ఏడాదికి వందలో ఒకటో రెండో పోతున్నాయి. అది కూడా చల్లటి గదుల్లో, కరెంటు పోకుండా నడిచే డిస్కుల సంగతి. మన ఊళ్లల్ల వోల్టేజీ ఎట్లుంటదో మీకు తెల్సు.

4 టీబీ డిస్కు ఒకటి కాదు, 2 టీబీవి రెండు కొనండి. వేర్వేరు కంపెనీలవి అయితే ఇంకా మంచిది. ఒకే లాటులో వచ్చిన వాటిలో ఒకే లోపం ఉండొచ్చు. రెండిటినీ జోడించి రెయిడ్ పెట్టేటట్లయితే సీఎంఆర్ రకమే అడగండి. ఎస్ఎంఆర్ రకంలో డేటా గీతలు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒక డిస్కు పోయి కొత్తది పెట్టినప్పుడు మళ్లీ నింపడం చాలా ఆలస్యమైతది. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ డ్రైవుల్లో కొన్ని ఎస్ఎంఆర్‌వేనని ఒప్పుకుంది. కాబట్టి డబ్బా మీద పేరు చూసి కొనకండి, మోడల్ నంబర్ చూసి కొనండి.

రెయిడ్ ఉందని ధీమా వద్దు. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండిట్లోనూ పోతది. పిడుగు పడితే రెండూ కాలిపోతాయి. మూడో కాపీ వేరే ఊర్లో, వేరే ఇంట్లో ఉండాల్సిందే.

"గూగుల్ డ్రైవ్ ఉంది కదా" అంటారు కొందరు. ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, మన వీడియోలు అందులో ఎన్ని పడతాయి? "ఖర్చెక్కువ" అంటారు ఇంకొందరు. దండారికి చందాలు వేసుకుంటం కదా, దీనికీ అట్లనే వేసుకుందాం. డిస్కు మళ్లీ కొనుక్కోవచ్చు, తాత గొంతు కొనలేం.

మీ ఊరి రికార్డింగులు ఎన్ని చోట్ల ఉన్నాయో ఈ రోజే చూసుకోండి. ఒక్క చోటే ఉంటే రేపే రెండో కాపీ తీయండి.

జై ఆదివాసీ!